మా మందిరంలో టెక్నికల్ వర్క్‌షాప్ పెడుతున్నాం, ఏం సిద్ధం చేసుకోవాలి?

మందిరంలో మైకు, స్క్రీన్, కెమెరా గురించి మీరు పంపే ప్రశ్నలకు ఈ శీర్షికలో నేను జవాబులు రాస్తున్నాను. పందొమ్మిదేళ్లుగా మా సంఘంలో సౌండ్ టేబుల్ దగ్గర సేవ చేస్తున్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు వర్క్‌షాప్ గురించే ఉన్నాయి. అందుకే ఈ సంచిక మొత్తం దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: అక్కా, వందనాలు. పన్నెండు సంఘాల వాళ్లకి ఒక రోజు టెక్నికల్ వర్క్‌షాప్ పెట్టాలని మా సంఘ పెద్దలు తీర్మానించారు. సౌండ్, పాటల ప్రొజెక్షన్, లైవ్ స్ట్రీమింగ్ మూడూ వాళ్ల చేతులతోనే చేయించాలని మా ఆశ. ఆరు వారాల టైముంది. బాధ్యత నా మీద పెట్టారు. మిక్సర్ నడపడం నాకు వచ్చు గానీ నలభై మందికి నేర్పించడం ఎప్పుడూ చేయలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక సౌండ్ వాలంటీర్

జవాబు: తమ్ముడూ, ముందు నేను పెట్టిన మొదటి వర్క్‌షాప్ సంగతి చెబుతాను. ముప్పై మంది వచ్చారు. అందరినీ వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టాం. మా మందిరంలో అప్పుడే కొన్న 32 ఛానెళ్ల డిజిటల్ మిక్సర్ ముందు ఒక శిక్షకుడు నిలబడి సాయంత్రం దాకా చాలా చక్కగా వివరించాడు. అందరూ నోట్సు రాసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. నాకు ఎంతో తృప్తిగా అనిపించింది. తర్వాతి ఆదివారం సాయంత్రం ఒక చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, మీరు చూపించిన మిక్సర్ మా దగ్గర లేదు. మాది ఆరు గుండీల మిక్సర్. పాస్టర్ గారు మైకు పట్టుకోగానే ఇవాళ కూడా కూత పెట్టింది. ఏ గుండీ తిప్పాలో తెలియక మొత్తం ఆపేశాను" అంది. చెబుతూ ఏడ్చేసింది. ఆ రోజంతా మేం చెప్పిన దానిలో ఆమెకు పనికొచ్చింది ఒక్కటీ లేదు. ఆమె ఒక్కసారి కూడా ఒక్క గుండీ ముట్టుకోలేదు.

అప్పటినుంచి నేను ప్రతి వర్క్‌షాప్‌నీ వచ్చేవాళ్ల దగ్గర ఉన్న సామానుతోనే మొదలుపెడుతున్నాను. నువ్వు కూడా మొదటి వారంలో మైకుల జోలికీ కేబుళ్ల జోలికీ వెళ్లకు. ఫోన్ పట్టుకుని కూర్చో. పన్నెండు సంఘాలకీ ఒక్కొక్కరికి ఫోన్ చేసి నాలుగు ఫొటోలు అడుగు: మిక్సర్ ముందు వైపు, మిక్సర్ వెనక వైపు, కరెంటు బోర్డు, స్టేజీ మీద స్పీకర్లూ మైకూ ఎక్కడున్నాయో కనపడేలా ఒకటి. మాటల్లో అడిగితే "మిక్సర్ ఉందండీ, బాగానే ఉందండీ" అంటారు. ఫొటోలో అసలు విషయం తెలుస్తుంది. ఒకసారి నాకు వచ్చిన ఫొటోల్లో ఒక సంఘంలో స్పీకర్లు రెండూ బోధకుడి వెనక గోడకి బిగించి ఉన్నాయి. ఆ సంఘానికి మిక్సర్ పాఠం కంటే ముందు స్పీకర్లు మైకు కంటే ముందుకు జరగాలన్న ఒక్క మాట అవసరం. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దమే మళ్లీ మైకులోకి వెళ్లి, పెద్దదై మళ్లీ స్పీకర్‌లోకి వస్తుంటే ఆ కూత పుడుతుంది. దానికి గుండీ తిప్పడం రెండో వైద్యం.

ఫొటోలతోపాటు ఒక ప్రశ్న కూడా అడుగు: "ఆదివారం ఉదయం మీకు ఎక్కువ భయం వేసేది ఎప్పుడు?" జవాబులు రాసి పెట్టుకో. నీ పాఠ్యాంశాలు అక్కడే ఉన్నాయి.

ఇప్పుడు లెక్క. నలభై మంది అన్నావు. ఒక్కో సంఘం నుంచి ముగ్గురిని పిలువు. ఒకరు సౌండ్‌కి, ఒకరు ప్రొజెక్షన్‌కి, ఒకరు లైవ్‌కి. పన్నెండు సంఘాలకి 36 మంది అవుతారు. ఒక్కో విషయానికి 12 మంది, టేబుల్‌కి నలుగురు చొప్పున మూడేసి టేబుళ్లు. అంటే నీకు మూడు చిన్న మిక్సర్లు, మూడు ప్రొజెక్షన్ ల్యాప్‌టాప్‌లు, మూడు లైవ్ సెట్లు చాలు. అందరికీ అన్నీ నేర్పిద్దామని పెద్దలు అంటారు. మర్యాదగా అయినా గట్టిగా వద్దని చెప్పు. ఒక రోజులో మూడు విషయాలూ తిప్పితే ఒక్కొక్కరి చేతికి మైకు పది నిమిషాలు కూడా రాదు. టేబుల్‌కి నలుగురు మించితే ఐదో మనిషి చేతులు కట్టుకుని చూస్తాడు. ఇది నేను ప్రతిసారీ చూశాను.

మిక్సర్లు ఎక్కడినుంచి తేవాలి? వచ్చే సంఘాలనే తమ మిక్సర్ తెచ్చుకోమను. తెచ్చేముందు ఏ కేబుల్ ఏ రంధ్రంలో ఉందో ఫొటో తీసుకుని, ప్రతి కేబుల్‌కీ కాగితపు టేపు చుట్టి దాని మీద నంబరు రాయమను. తిరిగి వెళ్లాక ఆదివారానికి మళ్లీ బిగించుకోవాలి కదా. ఈ పని వర్క్‌షాప్‌కి ముందే వాళ్లకి సగం పాఠం నేర్పిస్తుంది. తమ కేబుళ్లలో ఏది దేనికి వెళ్తుందో చాలామంది మొదటిసారి తెలుసుకునేది అప్పుడే.

గదులు ముందే విడగొట్టు. సౌండ్ టేబుళ్లు మూడూ ఒకే హాల్లో స్పీకర్లతో నడిస్తే ఎవరిది ఎవరికీ వినపడదు. ఒక టేబుల్ స్పీకర్ మీద పనిచేస్తుంటే మిగతా రెండు హెడ్‌ఫోన్ల మీద పనిచేయాలి, అరగంటకోసారి మారాలి. లైవ్ వాళ్లని వేరే గదిలో పెట్టు. సౌండ్ గదిలో పుట్టే కూతలన్నీ వాళ్ల మైకులోకి వెళ్లకూడదు.

టేబుల్‌కి ఒక సహాయకుడు ఉండాలి. తొమ్మిది మంది. వాళ్లని వారం ముందు ఒక సాయంత్రం కూర్చోబెట్టి అదే పాఠం చెప్పి చేయించు. వాళ్లకి ఒకే ఒక్క నియమం పెట్టు: నేర్చుకునేవాళ్ల మిక్సర్ మీద సహాయకుడి చెయ్యి పడకూడదు. నేనైతే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమంటాను. వచ్చినవాళ్లు తడబడుతుంటే మనకి చెయ్యి ఆగదు, చటుక్కున మనమే సరిచేసేస్తాం. అలా సరిచేసిన క్షణంలో వాళ్లకి ఆ విషయం నేర్చుకునే అవకాశం పోయింది. "ఇప్పుడు ఏ లైటు వెలుగుతోంది? మైకు ఏ ఛానెల్‌లో ఉంది?" అని అడగాలి, అంతే.

సౌండ్ టేబుల్ దగ్గర ఉదయం నేర్పించాల్సింది తక్కువే. మైకు నుంచి స్పీకర్ దాకా శబ్దం నడిచే దారి. గెయిన్‌కీ ఫేడర్‌కీ తేడా: గెయిన్ అంటే లోపలికి వచ్చే శబ్దాన్ని మిక్సర్‌కి సరిపడేంత చేసుకోవడం, ఫేడర్ అంటే బయటికి ఎంత పంపాలో చూసుకోవడం. గట్టిగా మాట్లాడినప్పుడు కూడా ఎర్రలైటు వెలగకుండా గెయిన్ పెట్టుకోవాలి. ఏ మైకుకి ఫాంటమ్ పవర్ (మిక్సర్ నుంచి మైకుకి వెళ్లే కరెంటు) కావాలో, దేనికి అక్కర్లేదో. కండెన్సర్ మైకుకి మిక్సర్ నుంచి 48 వోల్టులు వెళ్లకపోతే అది పలకదు. చేత్తో పట్టుకునే మామూలు డైనమిక్ మైకుకి అది అక్కర్లేదు. ఆ బటన్ నొక్కేముందు ఛానెల్ మ్యూట్ చేయాలి, లేకపోతే స్పీకర్‌లో ఢామ్మని మోగుతుంది.

ఆ తర్వాత మైకు పట్టుకునే పద్ధతి. దీనికి నేను అరగంట కేటాయిస్తాను, ఎక్కువ అనుకోవద్దు. నోటికీ మైకుకీ దూరం సగానికి తగ్గిస్తే మైకుకి అందే స్థాయి సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. మిక్సర్‌లో ఏదీ తిప్పకుండానే. ఇరవై అంగుళాల దూరం నుంచి ప్రార్థన చేసేవాళ్ల గొంతు వినిపించాలని గెయిన్ పెంచుకుంటూ పోతాం, చివరికి కూత వస్తుంది. పాటలు పాడేవాళ్లు మైకు జాలీ చుట్టూ చెయ్యి మూసి పట్టుకుంటారు. ఆ మైకు ముందు వైపు శబ్దాన్నే ఎక్కువ తీసుకునేలా, వెనక వైపు శబ్దాన్ని వదిలేసేలా తయారైంది. జాలీ మూస్తే ఆ గుణం పోయి అన్ని వైపుల శబ్దమూ లోపలికి వస్తుంది. ఈ రెండూ నలుగురూ ఒక్కొక్కరుగా మైకు పట్టుకుని చేసి, చెవులతో విని తెలుసుకోవాలి. చెబితే తలాడిస్తారు, వింటే మర్చిపోరు.

మధ్యాహ్నం మొత్తం ఒకే పనికి పెట్టు. నాకు తెలిసి వర్క్‌షాప్‌లో అతి విలువైన గంటలు అవే. అందరినీ బయటికి పంపి, ప్రతి టేబుల్ దగ్గరా నువ్వే ఒక లోపం పెట్టు. కార్డ్‌లెస్ మైకులో అయిపోయిన బ్యాటరీలు పెట్టు. ఒక ఛానెల్ మ్యూట్ చెయ్యి. లోపల తెగిన కేబుల్ ఒకటి కలుపు. హాలు స్పీకర్లకి వెళ్లే మెయిన్ అవుట్‌లో ఉండాల్సిన కేబుల్‌ని, విడిగా శబ్దం పంపే ఆక్స్ అవుట్‌లో పెట్టు. ల్యాప్‌టాప్‌లో సౌండ్ అవుట్‌పుట్ వేరే దానికి మార్చు. తర్వాత వాళ్లని లోపలికి పిలిచి, "ఆరాధన మొదలై మూడు నిమిషాలైంది, మైకు పలకడం లేదు" అని చెప్పి గడియారం చూపించు. మొదటి లోపానికి పదిహేను నిమిషాలు పడుతుంది. అందరూ ఒకేసారి అన్నీ తిప్పేస్తారు. అప్పుడు ఆపి, మైకు దగ్గర మొదలుపెట్టి స్పీకర్ దాకా ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాలని, ఒకసారికి ఒక్కటే మార్చాలని చెప్పు. నాలుగో లోపానికి వచ్చేసరికి రెండు నిమిషాల్లో పట్టుకుంటారు. అంతకుముందు నాకు ఫోన్ చేసి ఏడ్చిన చెల్లిని రెండో వర్క్‌షాప్‌కి పిలిచాను. తెగిన కేబుల్ కనిపెట్టి, దాన్ని పైకెత్తి పట్టుకుని నిలబడింది. ఆ మొహం నేను ఈ జన్మలో మర్చిపోను.

కరెంటు సంగతి మాత్రం నువ్వు చేయొద్దు, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి హాలు చూపించు. తొమ్మిది టేబుళ్లకి ఏ లైను నుంచి ఎంత లోడు వెళ్తుందో ఆయన చెప్పాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డులోంచి ఇంకో ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగొద్దు. స్పీకర్లలో 'బుయ్' మని హమ్ వస్తుంటే ప్లగ్‌కి ఉన్న ఎర్త్ పిన్ను తీసేసే అలవాటు కొందరికి ఉంది. హమ్ పోతుంది, మనిషి ప్రాణానికి ఉన్న రక్షణ కూడా పోతుంది. మైకు పట్టుకున్న చేతికి షాకు కొట్టేది ఇలాంటి చోటే. మిక్సర్‌నీ, దానికి కలిపిన ల్యాప్‌టాప్‌నీ ఒకే లైను మీద పెట్టి చూడాలి. అప్పటికీ పోకపోతే మధ్యలో డీఐ బాక్స్ (ల్యాప్‌టాప్ శబ్దాన్ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె) పెట్టి, దాని మీద ఉన్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కాలి. అది సౌండ్ కేబుల్‌లోని గ్రౌండ్‌ని మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి వెళ్లదు. ఈ తేడా ప్రతి సౌండ్ టేబుల్ దగ్గరా గట్టిగా చెప్పించు.

నేల మీద కేబుళ్లన్నీ టేపుతో అంటించు. ముందు రోజు సాయంత్రానికి అన్ని టేబుళ్లూ బిగించి, ప్రతి సెట్టూ ఆన్ చేసి, శబ్దం విని, బొమ్మ చూసి, తాళం వేసి ఇంటికి వెళ్లు. ఆ రాత్రి నీకు నిద్ర కావాలి.

ప్రశ్న: మేడం గారూ, మా వర్క్‌షాప్‌కి వచ్చేవాళ్లలో అరవై దాటిన సంఘ పెద్దలు, ఇంటి పనులతో తీరిక దొరకని సోదరీమణులు ఉన్నారు. "మాకెందుకమ్మా, పిల్లలు చూసుకుంటారు" అంటున్నారు. యౌవనస్తులని మాత్రమే పిలిస్తే పని తేలిక కదా?
— ఒక సండే స్కూల్ టీచర్

జవాబు: తేలికే. కానీ అమ్మా, ఆ యౌవనస్తులకి పరీక్షలుంటాయి, ఉద్యోగాలొస్తాయి, పెళ్లిళ్లవుతాయి, ఊళ్లు మారతారు. అప్పుడు మిక్సర్ ముందు ఎవరూ ఉండరు. మందిరాన్ని అంటిపెట్టుకుని ఉండేది మీరు చెప్పిన ఆ పెద్దలూ, ఆ సోదరీమణులే. వాళ్లని తప్పకుండా పిలవండి.

వాళ్లకి అసలు భయం పాడు చేస్తామేమోనని. అందుకని మొదటి పది నిమిషాల్లోనే ఒక పని చేయించండి. స్పీకర్ వాల్యూమ్ బాగా తగ్గించి, "ఈ మిక్సర్ మీద మీ ఇష్టం వచ్చినవన్నీ తిప్పండి" అని వదిలేయండి. తర్వాత ముందు తీసిపెట్టుకున్న ఫొటో చూసి అన్నీ మళ్లీ యథాస్థానంలో పెట్టమనండి. ఏదీ పాడవదని, తిరిగి రావడానికి దారి ఉందని వాళ్ల చేతులకే తెలుస్తుంది.

ఇంకొకటి. పెద్దలనీ పిల్లలనీ ఒకే టేబుల్ దగ్గర పెట్టకండి. పిల్లల చేతివేగం చూసి పెద్దలు వెనక్కి జరుగుతారు. అచ్చుకాగితాలు పెద్ద అక్షరాల్లో ఇవ్వండి. మిక్సర్ దగ్గర వెలుతురు బాగా ఉండాలి. గుండీల కింద రాత చిన్నది, కళ్లద్దాలు మర్చిపోయి వచ్చేవాళ్లు తప్పక ఉంటారు. ప్రతి ఛానెల్ కిందా కాగితపు టేపు అంటించి, వాళ్ల చేతే "పాస్టర్ గారు", "పాట 1", "కీబోర్డు" అని తెలుగులో రాయించండి.

ప్రశ్న: అక్కా, లైవ్ స్ట్రీమింగ్ పాఠం కోసం అందరినీ ల్యాప్‌టాప్‌లు తెమ్మన్నాం. మందిరంలో వైఫై ఉంది. అక్కడే సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకుని, అక్కడే ఛానెల్ పెట్టుకుని, సాయంత్రానికి అందరూ లైవ్‌లోకి వెళ్లాలని ప్లాన్. సరిపోతుందా?
— మీడియా టీమ్ సభ్యుడు

జవాబు: సరిపోదు తమ్ముడూ, మూడు చోట్ల ఆగిపోతుంది.

మొదటిది డౌన్‌లోడ్. ఒక్కో ఫైలు 150 ఎంబీ అనుకుందాం. ముప్పై మంది దించుకుంటే 4.5 జీబీ. మీ లైను 20 ఎంబీపీఎస్ అయితే, అందరికీ అందేసరికి తక్కువలో తక్కువ అరగంట. ఆ తర్వాత ఒకరి ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్ మొదలవుతుంది, ఇంకొకరికి అడ్మిన్ పాస్‌వర్డ్ తెలియదు. వారం ముందే లింకు పంపి, ఇన్‌స్టాల్ అయిన స్క్రీన్ ఫొటో తీసి గ్రూపులో పెట్టమనండి. పెట్టనివాళ్లకి ఫోన్ చేయండి. ఆ రోజుకి రెండు మూడు పెన్‌డ్రైవ్‌లలో ఫైలు సిద్ధంగా ఉంచుకోండి. సాఫ్ట్‌వేర్ ఏది అంటే, 2012లో మొదలైన ఓబీఎస్ స్టూడియో ఉచితం, విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో పనిచేస్తుంది. నేర్పించడానికి నేను అదే వాడతాను, ఎందుకంటే ఇంటికెళ్లాక ఎవరూ కొనాల్సిన పని లేదు.

రెండోది ఛానెల్. యూట్యూబ్‌లో మొదటిసారి లైవ్ ఆన్ చేసుకుంటే అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. ఫోన్ నంబరుతో వెరిఫై కూడా చేసుకోవాలి. ఇది తెలియక సాయంత్రం నాలుగింటికి పన్నెండు మంది నా మొహం చూస్తూ కూర్చున్న రోజు ఒకటుంది. వారం ముందే ఈ పని చేయించండి. ఛానెల్ పెట్టేటప్పుడు ఎవరో ఒక అబ్బాయి సొంత ఈమెయిల్‌తో కాకుండా సంఘం పేరు మీద ఈమెయిల్ తీసి దానితో పెట్టించండి. రెండంచెల భద్రత ఆన్ చేయించండి. పాస్‌వర్డ్, బ్యాకప్ కోడ్లు ఒక కవరులో పెట్టి సంఘ కార్యదర్శి బీరువాలో ఉంచాలి. ఆ అబ్బాయి ఫోన్ పోయినా, ఊరు మారినా ఛానెల్ సంఘం చేతిలోనే ఉంటుంది.

మూడోది అప్‌లోడ్. స్పీడు టెస్టులో పెద్దగా కనిపించేది డౌన్‌లోడ్ అంకె. లైవ్‌కి కావాల్సింది అప్‌లోడ్. మీరు 4 ఎంబీపీఎస్‌తో లైవ్ పంపాలనుకుంటే అప్‌లోడ్ కనీసం దానికి రెట్టింపైనా నిలకడగా రావాలి. ముప్పై ఫోన్లు వైఫైకి తగులుకుని ఉన్నప్పుడు కొలవండి, ఖాళీ హాల్లో కొలవకండి. మూడు లైవ్ టేబుళ్లూ ఒకేసారి లైవ్‌లోకి వెళ్లాల్సిన అవసరం కూడా లేదు. ఓబీఎస్‌లో రికార్డింగ్ నొక్కితే ఇంటర్నెట్ లేకుండానే సీన్లు (తెర మీద ఏది కనపడాలో ముందే చేసి పెట్టుకున్న ఏర్పాట్లు) మార్చడం, శబ్దం సరిచూసుకోవడం, పాట పదాలు పైన వేయడం అన్నీ సాధన చేయవచ్చు. లైవ్ బటన్ వంతులవారీగా చివర్లో నొక్కించండి. అప్పుడు కూడా లింకు ఉన్నవాళ్లకే కనిపించే 'అన్‌లిస్టెడ్'లో పెట్టించండి, కొత్తవాళ్ల తడబాటు ఊరంతా చూడాల్సిన పని లేదు.

శబ్దం గురించి ఒక మాట. మిక్సర్ నుంచి ఫోన్‌కి మామూలు 3.5 ఎంఎం స్టీరియో కేబుల్ పెట్టి "సౌండ్ వెళ్లడం లేదు" అని చాలామంది రాస్తుంటారు. ఆ పిన్ను మీద రెండు నల్ల గీతలుంటాయి. అది శబ్దాన్ని ఫోన్ నుంచి బయటికి తేవడానికి పనికొస్తుంది. ఫోన్ లోపలికి శబ్దం పంపాలంటే మూడు నల్ల గీతలున్న పిన్ను, దానికి తగిన అడాప్టరు కావాలి. చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ దొరికితే ఇంకా మంచిది. ఈ రెండు పిన్నులూ పక్కపక్కన పెట్టి చూపించండి.

ప్రశ్న: పాటల ప్రొజెక్షన్ పాఠానికి మా సంఘంలో టైపు చేసి పెట్టుకున్న మూడు వందల పాటల ఫైళ్లు అందరికీ పంచాలనుకున్నాం. వేరే ల్యాప్‌టాప్‌లో తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చి గుర్తుల్లా వస్తున్నాయి. ఫైళ్లు పాడయ్యాయా?
— ఒక సోదరి

జవాబు: పాడవలేదమ్మా. అవి పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసినవి. ఆ ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాల స్థానంలో తెలుగు అక్షరాల బొమ్మలు గీసి ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్ వెనకున్న ఇంగ్లిషు గుర్తులనే చూపిస్తుంది. యూనికోడ్‌లో టైపు చేస్తే ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. కానీ పాటలు టైపు చేసేవాళ్లకి ఆ కబురు చాలా ఆలస్యంగా అందింది.

మార్చిపెట్టే కన్వర్టర్లు ఉన్నాయి, వాటితో మార్చుకోవచ్చు. అయితే ఒత్తులూ, దీర్ఘాలూ అక్కడక్కడా తప్పిపోతాయి. మార్చిన ప్రతి పాటనీ ఎవరో ఒకరు పాడుకుంటూ సరిచూడాలి. మూడు వందలు ఒకేసారి మొదలుపెట్టకండి. ఎక్కువగా పాడే యాభై ముందు సరిచేయండి. ఇది వర్క్‌షాప్‌లో మంచి అభ్యాసం కూడా. ఒక్కొక్కరి చేత ఒక్కో పాట ఫోన్‌లోని తెలుగు కీబోర్డుతో యూనికోడ్‌లో టైపు చేయించండి. సాయంత్రానికి పన్నెండు పాటలు తయారు.

ప్రొజెక్షన్‌కి ఓపెన్ ఎల్‌పీ, ఫ్రీషో రెండూ ఉచితంగా దొరుకుతాయి, ఆరాధన కోసమే తయారైనవి. ఒక స్లైడులో నాలుగు పంక్తులు మించొద్దు. మా అమ్మ చివరి బెంచీలో కూర్చుంటుంది. ఏ స్లైడు చేసినా ఆమెకు కనపడుతుందా అని వెనక్కి వెళ్లి చూసి వస్తాను. మీ దగ్గరా అలాంటి పెద్దావిడ ఒకరుంటారు, వర్క్‌షాప్‌లో అందరినీ ఆమె స్థానంలో కూర్చోబెట్టి స్లైడు చదివించండి.

ల్యాప్‌టాప్ నుంచి ప్రొజెక్టర్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్ పదిహేను మీటర్లు దాటితే మామూలు కేబుల్‌ని నమ్మలేం. బొమ్మ వచ్చి పోతుంటుంది. అంత దూరానికి ఫైబర్ హెచ్‌డీఎంఐ కేబుల్ గానీ ఎక్స్‌టెండర్ గానీ కావాలి.

ఇంకొక సంగతి. అందరి పాటలూ అందరికీ పంచిపెట్టేముందు అవి ఎవరివో చూసుకోండి. పాట రాసినవాళ్లకి దాని మీద హక్కుంటుంది. మందిరంలో పాడటం ఒకటి, ఫైళ్లుగా పంచడం, లైవ్‌లో ప్రసారం చేయడం వేరు. రాసినవాళ్లు అందుబాటులో ఉంటే ఒక ఫోన్ చేసి అడగండి. నేను అడిగినప్పుడు కాదన్నవాళ్లు తక్కువ. అడిగినందుకు సంతోషించినవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: సౌండ్ సామాను అమ్మే ఒకాయన ఉచితంగా వచ్చి శిక్షణ ఇస్తానంటున్నాడు. సామాను కూడా తానే తెస్తాడట. ఒప్పుకోవచ్చా?
— ఒక కాపరి

జవాబు: అయ్యగారూ, ఒప్పుకోవచ్చు, రెండు షరతుల మీద. శిక్షణ జరిగే గంటల్లో ధర మాట రాకూడదు. నేర్పేది వచ్చినవాళ్లు తెచ్చుకున్న మిక్సర్ల మీదే నేర్పాలి. ఆయనకి పని బాగా వస్తే రెండో షరతుకి వెంటనే ఒప్పుకుంటాడు. తన సామాను మీద తప్ప చెప్పలేనంటే, సాయంత్రం విడిగా ఒక టేబుల్ ఇచ్చి అక్కడ చూపించుకోమనండి.

మీ చిన్న సంఘాలకి కొత్త మిక్సర్ అవసరమేమో అన్న ప్రశ్న ఆ రోజు తేల్చకండి. ఉన్న మిక్సర్‌ని సరిగ్గా నడిపి మూడు నెలలైతే, దానికి ఏం తక్కువో వాళ్లకే తెలుస్తుంది. నేను చూసినంతవరకు కొత్త మిక్సర్ కావాలని అడిగినవాళ్లలో చాలామందికి కావాల్సింది రెండు మంచి కేబుళ్లు, స్పీకర్లు జరపడం.

ప్రశ్న: లైవ్‌లో పిల్లల కార్యక్రమాలు చూపించవచ్చా? వర్క్‌షాప్‌లో ఇది చెప్పాలా?
— ఒక తల్లి

జవాబు: తప్పకుండా చెప్పాలమ్మా, లైవ్ టేబుళ్ల దగ్గర కెమెరా ముట్టుకోకముందే చెప్పాలి. పిల్లల మొహాలు దగ్గరగా చూపించాలంటే తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. పేర్లు స్క్రీన్ మీద వేయకూడదు. ఇష్టం లేనివాళ్లు కూర్చోవడానికి కెమెరాకి కనపడని వరస ఒకటి ఉండాలి, ఆ వరస ఎక్కడుందో ఆదివారం అందరికీ చెప్పాలి.

పిల్లల తర్వాత ప్రార్థన మనవులు. ఒకసారి మా లైవ్‌లో ఒక సోదరి జబ్బు పేరుతో సహా ప్రార్థన మనవి చదివారు. కెమెరా వెనక ఉన్నది నేనే. ఆమె తన ఆఫీసులో ఎవరికీ చెప్పుకోని విషయం అది. మర్నాటికి అక్కడ అందరికీ తెలిసింది. వీడియోలోంచి ఆ భాగం తీసేశాను గానీ ఆమెకు కలిగిన బాధ తీసేయలేకపోయాను. అప్పటినుంచి మా టేబుల్ మీద ఒక పెద్ద బటన్ ఉంది. మనవులు మొదలవగానే అది నొక్కితే లైవ్‌లో "ప్రార్థన సమయం" అన్న స్లైడు వస్తుంది, శబ్దం ఆగిపోతుంది. ఓబీఎస్‌లో ఒక సీను చేసి, దానిలో మైకు శబ్దం ఆపేసి, ఒక కీకి కలిపితే చాలు. పది నిమిషాల పని. మీ వర్క్‌షాప్‌లో ప్రతి లైవ్ టేబుల్ దగ్గరా మొదటి అభ్యాసంగా ఇదే చేయించండి.

ప్రశ్న: అక్కా, వర్క్‌షాప్ అయిపోయాక సర్టిఫికెట్లు ఇవ్వాలా? అయిపోయిన తర్వాత ఇంకేం చేయాలి?
— మొదటి ఉత్తరం రాసిన తమ్ముడి సంఘం నుంచే ఇంకొకరు

జవాబు: సర్టిఫికెట్లు మీ ఇష్టం. సంతోషపడేవాళ్లుంటారు, ఇవ్వండి. వాటితోపాటు ఒక కాగితం ఇవ్వండి. ఒక వైపు వాళ్ల సొంత మిక్సర్ బొమ్మ, వాళ్లే రాసుకున్న ఛానెళ్ల పేర్లతో. రెండో వైపు, శబ్దం రాకపోతే మైకు నుంచి స్పీకర్ దాకా వరసగా చూడాల్సినవి. దాన్ని సౌండ్ టేబుల్ పక్కన గోడకి అంటించుకోమనండి. నోట్సు పుస్తకాలు అల్మారాలోకి వెళ్లిపోతాయి, గోడ మీది కాగితం ఆదివారం ఉదయం కళ్ల ముందు ఉంటుంది.

వర్క్‌షాప్‌ని శనివారం పెట్టండి. మర్నాడే వాళ్ల మందిరాల్లో చేసి చూసుకుంటారు. ఆ ఆదివారం ఆరాధనకి ముందు గంటన్నర మీ తొమ్మిది మంది సహాయకులూ ఫోన్లు దగ్గర పెట్టుకోవాలి. ఏ సహాయకుడు ఏ సంఘానికో ముందే పంచుకోండి. మామూలు ఫోన్ కంటే వీడియో కాల్ మంచిది, మిక్సర్ చూసి చెప్పవచ్చు. చూసి కూడా, ఏ గుండీ తిప్పాలో వెంటనే చెప్పేయొద్దు. "మైకు దగ్గర మొదలుపెట్టారా?" అని అడగండి.

నెల తర్వాత ఒక్కో సహాయకుడు ఒక్కో సంఘానికి వెళ్లి చివరి వరసలో కూర్చుని ఆరాధన విని రావాలి. మిగిలిన మూడు సంఘాలకి మీరూ, మీ తమ్ముడూ వెళ్లండి. మీరు అక్కడ విన్నది నాకు రాయండి. ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో చూసి వచ్చే వర్క్‌షాప్‌కి నా పద్ధతి నేనూ మార్చుకుంటాను.